దగ్గరి చూపుకు ఎంత ఖరీదు?

పట్టుచీర కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? కొట్టులో ఆయన కొంగు పరిచి చూపించి, ఇక చాలన్నట్టు మడవబోతుంటే ‘‘ఉండన్నా, ఓసారి తిరగేసి చూపించు’’ అంటాం. అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నలుపుతాం. బుటా వెనకాల దారాలు ఎలా ఉన్నాయో చూస్తాం. అదీ చాలక గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో కళ్లకు జానెడు దూరంలో పట్టుకుని రంగు చూస్తాం. దూరపు కొండలు నునుపన్న సంగతి ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బియ్యంలో రాళ్లేరినా, పిల్ల తలలో పేను చూసినా, సూదిలో దారం ఎక్కించినా మనది దగ్గరి చూపే.

ఈ దగ్గరి చూపునే కెమెరా భాషలో ‘మ్యాక్రో’ అంటున్నారు. చీమ కన్ను, పువ్వులో పుప్పొడి, జరీ పోగు మెలిక... ఇలాంటివాటిని నిండుగా, స్పష్టంగా తీసే ఫొటోలన్నమాట. పేరు కొత్తగా వినిపించినా పని మనకు పాతదే. మరి అలాంటి పనికి పరికరం కొనాల్సి వచ్చేసరికి మాత్రం మన చూపు ఎందుకో మందగిస్తుంది. చీరను నాలుగుసార్లు తిరగేసే మనమే, లెన్సు దగ్గర కొట్టువాడు చెప్పింది విని తలూపి వచ్చేస్తాం.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. బెంగళూరు వెళ్లే రైలెక్కితే వరసగా వచ్చే ఊళ్లు. ఒకప్పటి అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ధర్మవరంలో మగ్గాలు, హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు, మధ్యలో పెనుకొండ చుట్టూ మల్బరీ, వేరుశనగ చేలు. ఇక్కడ ఎన్నో ఇళ్లకు కూడు పెట్టేది వెంట్రుకంత పోగు, వేలెడంత పురుగు. అందుకే కెమెరాలో దగ్గరి చూపు ఈ ఊళ్లలో వట్టి సరదా కాదు. చీర ఫొటో ఫోనులో పంపి అమ్ముకునే ఇల్లాలికీ, పురుగుకు ఏదో సోకిందని అనుమానపడే రైతు భార్యకీ, డిగ్రీ చదువుతూ సీతాకోకచిలుకల వెంట తిరిగే అమ్మాయికీ అది పనికొచ్చే విద్య.

ఆ విద్య కోసం బెంగళూరు వెళ్లి లెన్సు అడిగితే ఏమవుతుందో తెలిసిందే. ‘‘మ్యాక్రో కావాలా మేడమ్? ఇదే బెస్టు’’ అని పదుల వేల రూపాయల సరుకు ముందు పెడతారు. డబ్బున్నవాళ్లు కొనేస్తారు. లేనివాళ్లు ఇది మనవల్ల కాదనుకుని బస్సెక్కేస్తారు. నా మట్టుకు నాకు ఈ రెండూ నచ్చవు. ఏ లెన్సు కొనాలన్నది రెండో ప్రశ్న. ఏ వస్తువును చూడబోతున్నాం, అది ఎంత ఉంది, కదులుతుందా కదలదా అన్నది మొదటి ప్రశ్న. ఆ మొదటిదానికి జవాబు చెప్పగలిగేది కొట్టువాడు కాదు, మీరే.

టైలరు టేపు చాలు

ముందు ఆ ‘మ్యాక్రో’ అనే మాట సంగతి తేల్చుకుందాం. అసలైన అర్థంలో మ్యాక్రో లెన్సంటే, వస్తువు ఎంత ఉందో కెమెరా లోపలి సెన్సారు మీద బొమ్మ కూడా అంతే పడాలి. దీన్ని ఒకటికి ఒకటి అంటారు. వస్తువు కొలతలో సగమే పడితే రెండింట ఒకటి. మామూలు జూమ్ లెన్సుల మీద కూడా ‘మ్యాక్రో’ అని రాసి అమ్ముతుంటారు. వాటిలో చాలావాటికి బొమ్మ మూడో వంతో, నాలుగో వంతో పడుతుంది, అంతే. మరోపక్క నికాన్ కంపెనీ తన అసలు మ్యాక్రో లెన్సుల్ని ‘మైక్రో’ అని పిలుస్తుంది. పేరు వేరైనా వస్తువు అదే. కాబట్టి పేరు చూసి మోసపోనూ వద్దు, పేరు చూసి వదిలేయనూ వద్దు.

నిజం తేల్చడానికి కుట్టుమిషను డబ్బాలో ఉండే టేపు చాలు. కొట్టుకు వెళ్లేటప్పుడు మీ కెమెరాతోపాటు టేపు కూడా బ్యాగులో వేసుకోండి. లెన్సు తగిలించి, ఎంత దగ్గరగా వెళ్తే ఫోకస్ కుదురుతుందో అంత దగ్గరగా వెళ్లి టేపును అడ్డంగా ఫొటో తీయండి. ఫొటోలో ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో లెక్కపెట్టండి. మామూలుగా ఇళ్లలో ఉండే కెమెరాల సెన్సారు వెడల్పు 22 నుంచి 24 మిల్లీమీటర్లు. పెద్ద సెన్సారు, అంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అయితే 36. మీ కెమెరా సెన్సారు వెడల్పు ఎంతో అన్ని మిల్లీమీటర్లే ఫొటోలో పట్టాయంటే అది ఒకటికి ఒకటి. 48 పట్టాయంటే చిన్న సెన్సారుకు సగం. 90 దాకా పట్టాయంటే డబ్బా మీద ఏం రాసున్నా అది నాలుగో వంతే. ఇందులో వాదనకు చోటు లేదు. గజం కొలిచి బట్ట ఇచ్చినంత సూటి లెక్క.

ఇప్పుడు అదే టేపు ఇంట్లో మీరు తీయాలనుకున్న వస్తువు పక్కన పెట్టండి. బుటా నాలుగు సెంటీమీటర్లుంటే మీకు సగం చాలు. పట్టుగూడు మూడు సెంటీమీటర్లుంటే సగం కన్నా కాస్త ఎక్కువ. పట్టుపురుగు గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు. దానికి ఒకటికి ఒకటి కూడా చాలదు, అంతకు రెట్టింపో మూడింతలో కావాలి. మీ అవసరం ఎంతో తెలిశాకే ఖరీదు సంగతి. పెళ్లి పట్టుచీర కొనడానికి వెళ్లినా ముందు ఎంతలో అనుకునే కదా గడప దాటుతాం!

కదలని చీర

ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు జీఐ గుర్తింపు ఉంది. వెడల్పాటి జరీ అంచులు, నిండైన కొంగు, కదిలితే రంగు మారినట్టు కనిపించే జంట రంగుల నేత వాటి అందం. చీరలను చేతిమగ్గాలకే ప్రత్యేకిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. అయినా మరమగ్గం చీర చేనేత పేరుతో పక్క కొట్టులో సగం ధరకు వేలాడుతూనే ఉంటుంది. దూరం నుంచి ఫొటో తీస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. ఇక ఫోనులో బొమ్మ చూసి కొనే హైదరాబాదు చెల్లెమ్మకు తేడా ఎలా తెలుస్తుంది? ధర ఒక్కటే కనిపిస్తుంది. నష్టపోయేది నేసిన ఇల్లు.

దగ్గరి ఫొటో పనికొచ్చేది ఇక్కడే. చీర మొత్తం ఒక ఫొటో, ఆ తర్వాత నాలుగు దగ్గరి ఫొటోలు తీయండి. ఒకటి బుటా ముందువైపు. రెండోది అదే బుటా వెనకవైపు. మూడోది అంచు చివర, పేక పోగు వెనక్కి తిరిగే చోటు. నాలుగోది అంచూ చీరా కలిసే చోటు. నాడె ఆడే మగ్గం మీద పేక పోగు చివర తెగకుండా మళ్లి వస్తుంది. నాడె లేని వేగం మగ్గాల మీద పోగులు చివర తెగి కుచ్చులా కనిపిస్తాయి. చేతి నేతలో పేక ఒకచోట కాస్త దగ్గరగా, ఒకచోట కాస్త వదులుగా పడటం కూడా కనిపిస్తుంది. అది లోపం కాదు, మనిషి చెయ్యి.

అయితే ఒక్క మాట. ఒక్క గుర్తు చూసి ఇది చేనేత, ఇది కాదు అని తీర్పు చెప్పకూడదు. నాడె ఆడే మరమగ్గాలు కూడా ఉన్నాయి. జరీ సంగతీ అంతే. అసలు జరీ అంటే పట్టుదారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత పోసింది. ఆ పూత కింద ఉన్నది వెండో రాగో ఎంత గొప్ప లెన్సయినా చెప్పలేదు. అందుకు పరీక్ష వేరే ఉంది. పట్టుకు 2004 నుంచి సిల్క్‌మార్క్, చేతినేతకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయి. ఆ లేబుల్ కూడా దగ్గరగా తీసి పంపండి. ఫొటో సాక్ష్యం మాత్రమే, కానీ సాక్ష్యం అంటూ ఏదీ లేని చోట అదే ఎంతో బలం.

మరి ఈ పనికి ఏ లెన్సు? చీర కదలదు, పారిపోదు, కుట్టదు. కాబట్టి ఖరీదైన పొడవాటి లెన్సు అక్కర్లేదు. మీ కెమెరాతో వచ్చిన 18-55 లెన్సుకో, 50 మిల్లీమీటర్ల లెన్సుకో ఒక ఎక్స్‌టెన్షన్ ట్యూబు తగిలిస్తే సరిపోతుంది. ఇది అద్దాలు లేని ఉత్త గొట్టం. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగిస్తే లెన్సు కాస్త ముందుకు జరిగి దగ్గరి వస్తువు పెద్దదిగా పడుతుంది. లెక్క సులువు. 50 లెన్సుకు 25 మిల్లీమీటర్ల గొట్టం పెడితే సగం సైజు అదనంగా కలుస్తుంది. గొట్టం తీసేదాకా దూరపు ఫొటోలు రావు, అంతే. కొనేటప్పుడు లోపల కరెంటు చుక్కల్లాంటి లోహపు కాంటాక్టులు ఉన్నది అడిగి తీసుకోండి. అవి లేనిది ఇంకా చవక. కానీ ఇప్పటి లెన్సులకు అది పెడితే ఫోకసూ వెలుగూ కెమెరా చేతిలో ఉండవు.

పాత ఫిల్ము కెమెరా 50 లెన్సు ఏదైనా అటక మీద పడి ఉందేమో చూడండి. దాన్ని తిరగేసి బిగించే రివర్స్ రింగు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అలా తిరగేస్తే ఇంచుమించు ఒకటికి ఒకటి దాకా వస్తుంది. పాత లెన్సులకు వెలుగు తగ్గించే రింగు లెన్సు మీదే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. తిరగేసినప్పుడు వెనకవైపు అద్దం బయటికి వస్తుంది, గీతలు పడకుండా చూసుకోవాలి. కొత్తగా 50-60 మ్యాక్రో లెన్సే కొనాలనుకున్నా మంచిదే. కానీ చీరల కోసమే అయితే ముందు గొట్టంతో ఆరు నెలలు తీసి చూడండి. అప్పటికీ లోటనిపిస్తే కొనండి.

మెల్లగా కదిలే పురుగు

హిందూపురం అనగానే పట్టుగూళ్లు. ఊరి పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధనాభివృద్ధి సంస్థ కూడా ఉంది. పురుగులు పెంచే ఇళ్లలో ఆకు కోయడం, వేయడం, పెంట తీయడం చాలామటుకు ఆడవాళ్ల మీదే నడుస్తుంది. పొదిగినప్పుడు సుమారు మూడు మిల్లీమీటర్లుండే పురుగు నాలుగుసార్లు పొర విడిచి, దాదాపు నెల రోజుల్లోపే వేలెడంత పెరిగి గూడు కడుతుంది. అందులో ఏ రోజు ఏం తేడా వచ్చినా మొదట పసిగట్టేది రోజూ ఆకు వేసే మనిషే. ఊజీ ఈగ పురుగు ఒంటి మీద తెల్లటి చిన్న గుడ్డు పెట్టి పోతుంది. ఆ తర్వాత అక్కడ నల్ల మచ్చ తేలుతుంది. మల్బరీ చిగురు ముడుచుకుపోతే లోపల పిండినల్లి ఉందేమోనని చూడాలి. ఇవి మాటల్లో చెబితే అధికారికి అర్థం కావడం కష్టం. ఒక్క దగ్గరి ఫొటో పంపితే అరగంటలో సలహా రావచ్చు.

ఇక్కడ కూడా హద్దు తెలుసుకోవాలి. పెబ్రిన్ అనే జబ్బు తెచ్చే క్రిమి మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతులే ఉంటుంది. దానికి మైక్రోస్కోపే గతి. 1865లో మొదలుపెట్టి లూయీ పాశ్చర్ ఫ్రాన్సులో కొన్నేళ్లు కూర్చుని తేల్చింది అదే. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నలిపి మైక్రోస్కోపు కింద చూడాలని చెప్పాడు. ఈనాటికీ గుడ్ల కేంద్రాల్లో ఆ పద్ధతే నడుస్తోంది. లెన్సు కొన్నాం కదా అని అన్నిటికీ దాన్నే నమ్ముకోకూడదు.

పురుగు చీరలా ఊరకే ఉండదు, తల ఎత్తి ఆడిస్తూ ఉంటుంది. పైగా 60 మ్యాక్రోతో ఒకటికి ఒకటి తీయాలంటే లెన్సు మూతి పురుగుకు సుమారు అయిదు సెంటీమీటర్ల దగ్గరికి రావాలి. మీ నీడా మీ ఊపిరీ దాని మీదే పడతాయి. అదే 90 నుంచి 105 మిల్లీమీటర్ల లెన్సయితే ఇంచుమించు జానెడు దూరం ఉంటుంది. వెలుగు పడటానికి చోటుంటుంది. అందుకే బతికున్న వాటిని తీసేవాళ్లకు ఈ కొలతే మధ్యేమార్గం. టామ్రాన్ 90, కానన్ 100, నికాన్ 105 అన్న పేర్లు మీరు వినే ఉంటారు. ఒకే ఒక్క మ్యాక్రో లెన్సు కొనగలిగితే నా ఓటు ఈ కొలతకే. పాతది తీసుకున్నా పరవాలేదు. వెలుగుకు ఎదురుగా పట్టి లోపల సాలెగూడులాంటి బూజు లేదని చూసుకోండి. ఫోకస్ ఆడుతోందో లేదో మీ కెమెరాకే తగిలించి చూడండి.

అంత పెట్టలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. 55-200, 55-250 జూములు చాలామంది దగ్గర వాడకుండా పడి ఉంటాయి. దాని మూతికి మంచి క్లోజప్ లెన్సు తగిలిస్తే చాలు. అయితే సెట్టుగా వచ్చే ఒంటి అద్దం క్లోజప్ ఫిల్టర్లు ఎంత పవరుంటే అంతగా చుట్టూ మసక చూపిస్తాయి. రెండు మూడు అద్దాలు కలిపి చేసినవి తీసుకోవాలి. రేనాక్స్ డీసీఆర్-250 అలాంటిదే. దాని పవరు ఎనిమిది. 250 జూముకు తగిలిస్తే ఒకటికి ఒకటి దాటి రెట్టింపు దాకా వెళ్తుంది. పట్టుగుడ్లు కావాలన్నవాళ్లకు ఇదే చవకైన దారి.

ఒక జాగ్రత్త మాత్రం మరవద్దు. ఒక పెంపకం ఇంట్లో వాడిన కెమెరా సంచీ, స్టాండు తుడవకుండా ఇంకో ఇంట్లోకి తీసుకెళ్లకండి. చేతులూ కాళ్లూ కడుక్కుని, మందు నీళ్లలో అడుగు పెట్టి లోపలికెళ్లే పద్ధతి పురుగు కోసం పెట్టిందే. స్టాండు కాళ్లకూ అదే మడి. మీ ఒక్క ఫొటో కోసం వాళ్ల పంటకు జబ్బు అంటించే హక్కు మనకు లేదు.

పారిపోయే ప్రాణి

పెనుకొండ పేరులోనే ఉంది పెద్ద కొండ అని. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. చూడటానికి వచ్చినవాళ్లంతా కోటగోడల వంక తలెత్తి చూస్తారు. తలొంచి చూస్తే అక్కడ ఇంకో రాజ్యం ఉంది. జిల్లేడు చెట్టు మీద పసుపూ నీలం చారల మిడత, తంగేడు పువ్వు మీద బొంత తుమ్మెద, తొలకరి వానకు చేలల్లో ఎర్రటి మఖమల్ గుండీలా తిరిగే ఆరుద్ర పురుగు. ఇవన్నీ లెన్సు కోసం కాచుకుని కూర్చోవు. నీడ పడితే చాలు, ఎగిరిపోతాయి, దూకేస్తాయి.

వీటికి 90 కన్నా తక్కువ కొలత లెన్సుతో వెళ్తే నిరాశే. 150, 180 ఉంటే ఇంకా దూరం నుంచి తీయొచ్చు. కానీ అవి బరువు, ఖరీదు కూడా. కొండెక్కి దిగే ఆడపిల్లకు 100 చాలునని నా ఉద్దేశం. దూరం తగ్గించుకునే పని లెన్సుకు కాకుండా పొద్దుటికి అప్పజెప్పండి. పొద్దున ఆరు, ఏడింటికి పురుగులు మంచుకు బిగుసుకుని రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంటాయి. గాలి కూడా అప్పటికి లేవదు. మన ప్రాంతం గాలి సంగతి తెలుసుగా! పది దాటితే కొమ్మ ఊగుడుకు ఏ లెన్సూ ఫోకస్ కుదరదు. కొమ్మకు ఓ బట్టల క్లిప్పు తగిలించి, దాన్ని ఒక పుల్లకు ఆనిస్తే ఊగడం తగ్గుతుంది.

మరొకటి గట్టిగా చెప్పాలి. కదలకుండా ఉంటాయని పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లు, జిగురుతో అతికించేవాళ్లు ఉన్నారు. అది ఫొటో విద్య కాదు, హింస. అలా వచ్చిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా అబద్ధమే. ఓపిక లేనివాళ్లు చీరలు తీసుకోవచ్చు, చీర బాధపడదు.

కొండ మీదికి ఒంటరిగా వెళ్లకండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. బూట్లు వేసుకోండి, రాళ్ల సందుల్లో చేతులు పెట్టకండి. పాములూ తేళ్లూ ఉండే చోటు అది. ఇలా చెబుతున్నానని మానేయమన్నట్టు కాదు. జాగ్రత్తలు చెప్పడం వేరు, గడప దాటొద్దనడం వేరు.

హిందూపురం దగ్గరి లేపాక్షి గుడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్లు కట్టుకున్న చీరల డిజైన్లు తీసుకుని నేతలో దించుకుందామని చాలామందికి ఆశ. దానికి మ్యాక్రో లెన్సు కొనకండి. పైకప్పు అందనంత ఎత్తు. అక్కడ పనికొచ్చేది జూమే. ఫ్లాష్ మాత్రం వేయకండి. దగ్గరికి వెళ్లగలిగినప్పుడే మ్యాక్రో పని చేస్తుంది. లేనప్పుడు అది కూడా మామూలు లెన్సే.

లెన్సుకన్నా ముందు వెలుగు

కొట్టుల్లో లెన్సు గురించి గంట చెబుతారు. వెలుగు గురించి చెప్పరు, ఎందుకంటే కిటికీని అమ్మలేరు కదా! ఒకటికి ఒకటి తీసేటప్పుడు సెన్సారు మీద పడే వెలుగు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. పైగా ఫోకస్‌లో ఉండే లోతు మరీ తక్కువ. పెద్ద సెన్సారు మీద ఎఫ్/8 పెట్టినా సుమారు ఒక మిల్లీమీటరే. అంటే పురుగు కన్ను తేటగా వస్తే తోక మసకే. లోతు పెంచాలని ఎఫ్/22 దాకా వెళ్తే బొమ్మ మొత్తం మెత్తబడిపోతుంది. ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ఆగడం మంచిది. అక్కడ ఆగాలంటే వెలుగు కావాలి.

చీరకైతే ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, వెలుగు పక్కనుంచి వచ్చేలా పరచండి. అప్పుడే పోగు పోగూ లేచి కనిపిస్తుంది. ఎదురువైపు ఒక తెల్లటి థర్మకోల్ షీటు నిలబెడితే నీడలు తగ్గుతాయి. జరీ మీద తళుకు కొట్టి తెల్లగా పోతుంటే కిటికీకి తెల్ల పంచె కట్టండి. ఓ తెల్ల కాగితం పక్కన పెట్టి దాన్నిబట్టి కెమెరాలో రంగు సరిచేసుకోండి. జంట రంగుల చీరను రెండు కోణాల్లో తీసి రెండూ పంపండి. రంగులు గాఢం చేసే ఫిల్టర్లు వాడకండి. చీర ఇంటికి వచ్చాక ‘‘ఈ రంగు కాదే’’ అన్న మాట ఒక్కసారి పడితే ఆ ఇంటితో బేరం మళ్లీ ఉండదు.

పురుగులకు ఫ్లాష్ కావాలి, కానీ ఊరికే కొడితే గాజుముక్కలా మెరుస్తాయి. ట్రేసింగ్ పేపరో, బటర్ పేపరో అడ్డుపెడితే వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. స్టాండు కొనలేకపోతే ఓ పాత దిండుగలీబులో కందులో ఇసుకో నింపి కుట్టేయండి, కెమెరాకు చక్కటి పీట అవుతుంది. చేత్తో తీసేటప్పుడు లెన్సు రింగు తిప్పుతూ కూర్చోకండి. ఫోకస్‌ను ఒకచోట ఉంచి మీరే కాస్త ముందుకీ వెనక్కీ ఒరగండి. చీరలాంటి కదలని వాటికైతే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పది ఫొటోలు తీసి కంప్యూటరులో కలిపేయొచ్చు. లెన్సు కన్నా ముందు ఈ వందల రూపాయల సరంజామా సమకూర్చుకోండి. ఫొటోలో సగం తేడా అక్కడే వచ్చేస్తుంది.

‘‘ఇదంతా ఎందుకు, ఫోను చాలదా?’’ అని అడగొచ్చు. చాలాసార్లు చాలుతుంది. బుటా, అంచు, ఆకు మీది మచ్చ ఇవన్నీ మంచి వెలుగులో ఫోను తీసేస్తుంది. అయితే చవక ఫోన్లలో ‘మ్యాక్రో కెమెరా’ అని విడిగా ఇచ్చేది తరచూ రెండు మెగాపిక్సెళ్లదే. దానికన్నా అసలు కెమెరాతో కొంచెం దూరం నుంచి తీసి కత్తిరించుకోవడం మేలు. క్లిప్పుతో తగిలించే మంచి లెన్సు దొరికితే ఇంకా నయం. ఫోను మీద కూడా టేపు పరీక్ష చేసి చూడండి. అది చాలినంత కాలం ఇంకేదీ కొనకండి. కొనకపోవడం కూడా తెలివైన నిర్ణయమే.

ఎవరి చేతిలో?

ఆఖరికి చెప్పొచ్చేదేమంటే, పరికరం ఏదైనా అది ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. మగ్గం ఇంట్లో కండెలు చుట్టేది ఆడవాళ్లు. తెగిన పోగు వెతికి అతికే చూపు వాళ్లది. పురుగుల ఇంట్లో తేడా పసిగట్టే కన్ను వాళ్లది. కానీ ఇంట్లోకి కెమెరా వచ్చిందంటే అది మగపిల్లవాడి మెడలో వేలాడుతుంది. చీర ఫొటో తీయాల్సి వస్తే స్టూడియో అబ్బాయిని పిలుస్తారు. ఏ చోట తీస్తే నేత తెలుస్తుందో అతనికేం తెలుసు పాపం? చెప్పేది ఆమె, పేరూ డబ్బూ అతనివి.

1660లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మరియా సిబిల్లా మెరియన్ అనే పదమూడేళ్ల పిల్ల పట్టుపురుగుల్ని పెంచుతూ, అవి గుడ్డు నుంచి చిలుక దాకా ఎలా మారతాయో చూసి బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. పురుగులు బురదలోంచి పుడతాయని చాలామంది నమ్మే కాలమది. 1679లో గొంగళిపురుగుల మీద పుస్తకం వేసింది. యాభై దాటాక, 1699లో కూతుర్ని వెంటపెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సూరినామ్ వెళ్లి అక్కడి పురుగుల్ని చిత్రించింది. ఆమె దగ్గర కెమెరా లేదు. పట్టుపురుగును రోజూ దగ్గరగా చూసే ఓపిక ఉంది. హిందూపురం చుట్టుపక్కల ఆ ఓపిక ఉన్నవాళ్లు ఎన్ని వందల ఇళ్లలో లేరు!

అందుకే నాదొక సూచన. ఒక్కరికే మ్యాక్రో లెన్సు భారం కావచ్చు, పదిమందికి కాదు. పొదుపు సంఘాల్లో గ్రైండర్లకు, కుట్టుమిషన్లకు అప్పు తీసుకుంటున్నాం కదా. చీరలు అమ్ముకునే సంఘం, పురుగులు పెంచే సంఘం కలిసి ఒక కెమెరా, ఒక 100 లెన్సు, ఒక లైటు కొనుక్కుంటే ఏం? వంతులవారీగా వాడుకోవచ్చు. చేనేత సొసైటీలు కూడా ఇలాంటిదొకటి ఉంచి, ఫొటో తీయడం నేర్పే బాధ్యత తీసుకుంటే బాగుంటుంది. ప్రతి చీర వెంట దాని దగ్గరి ఫొటో, నేసిన ఇంటి పేరు వెళ్తే, సగం ధర చీరతో పోటీ కాస్తయినా సమానమవుతుంది.

ఆ లెన్సు కొనడానికి వెళ్లేటప్పుడు తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి, తప్పులేదు. కానీ కొట్టులో కౌంటరు ముందు నిలబడాల్సింది మీరు. ‘‘మాకు తీయాల్సిన వస్తువు ఇంత ఉంటుంది, ఇంత దూరం నుంచి తీయాలి, ఇంతలో కావాలి’’ అని అడగాల్సింది మీరు. ఆ మూడు మాటలు మీ నోట వచ్చాక, ‘ఇదే బెస్టు మేడమ్’ అనేవాడు కూడా కాస్త ఆలోచించే చెబుతాడు.